రెండున్నరేళ్ళ పిల్లవాడి బుద్ధి వికసించాలంటే ఇంట్లో ఏం జరగాలి?

ఇదే సందేహం ఉన్న మిగతా తల్లిదండ్రుల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ బాబుకు రెండున్నరేళ్ళు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలంతా నాయనమ్మ చూసుకుంటుంది. ఫోను చూపిస్తేనే అన్నం తింటున్నాడు. పక్క ఫ్లాట్‌లో అదే వయసు పాప కార్డులు చూసి దేశాల జెండాల పేర్లు చెబుతోంది. మెదడు వికాసానికి ప్రత్యేక శిక్షణ ఇస్తామని ఒక కేంద్రం వాళ్ళు నలభై వేలు అడుగుతున్నారు. అందులో చేర్పించాలా, ఏ బొమ్మలు కొనాలి, ఇంట్లో తెలుగు మాని ఇంగ్లీషులో మాట్లాడాలా, ఇప్పటికే ఆలస్యమైపోయిందా అని అడిగారు.

ఆలస్యం కాలేదు. శిక్షణలో చేర్పించకండి. బొమ్మలు ఇప్పుడున్నవి చాలు. తెలుగు మానకండి. ఎందుకో వివరంగా చెబుతాను. నేను హోమ్ సైన్సులో శిశువికాసం చదివి, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ భాగం ఇళ్ళకు వెళ్ళి తల్లులతో, నాయనమ్మలతో, అమ్మమ్మలతో కూర్చుని మాట్లాడడంలోనే గడిచింది. కాబట్టి పరిశోధనలు చెప్పేదీ, ఇళ్ళలో కనిపించేదీ రెండూ కలిపి రాస్తున్నాను.

ముందుగా మన దగ్గరే జరిగిన అధ్యయనం ఒకటి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లాలోని 60 గ్రామాల్లో, మూడు నెలల పసివాళ్ళున్న సుమారు 600 మంది తల్లులతో దీన్ని చేశారు. గ్రామాలను మూడు భాగాలుగా విడదీశారు. మొదటి భాగంలో అంగన్‌వాడీ నుంచి మామూలుగా అందే సేవలే అందాయి. రెండో భాగంలో వాటితో పాటు ఏ నెలలో ఏ ఆహారం పెట్టాలో ఇంటికి వెళ్ళి చెప్పారు. మూడో భాగంలో ఆహారం గురించి చెబుతూనే, బిడ్డ ఆకలి సైగలు గమనించి మాట్లాడుతూ తినిపించడం, వయసుకు తగిన ఆటవస్తువులతో ఆడించడం నేర్పారు. ఇళ్ళకు వెళ్ళి చెప్పింది శిక్షణ పొందిన గ్రామ మహిళలే. పిల్లలకు 15 నెలలు నిండాక పరీక్షిస్తే, మూడో భాగం పిల్లల మానసిక వికాస స్కోరు మామూలు సేవలు మాత్రమే అందిన పిల్లల కంటే ఎక్కువగా వచ్చింది. 2013లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆ తల్లుల్లో చాలామందికి పెద్ద చదువులు లేవు, ఇళ్ళలో ఖరీదైన వస్తువులు లేవు. ముద్ద పెట్టేటప్పుడు బిడ్డ ముఖం చూడడం, బిడ్డ చేసిన శబ్దానికి తిరిగి పలకడం వాళ్ళు నేర్చుకున్నారు, అంతే.

ఇది చిన్న వయసులో కనిపించి తర్వాత మాయమయ్యే లాభమేనా అని మీరు అడగవచ్చు. దానికి జమైకాలో జవాబు దొరికింది. 1986–87లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే పరిశోధకురాలి బృందం ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదల పేటల్లో, పోషణ చాలక ఎత్తు పెరగని 129 మంది పిల్లలను ఎంచుకుంది. వాళ్ళ వయసు 9 నుంచి 24 నెలలు. కొందరికి వారానికి కిలో పాలపొడి ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికోసారి వెళ్ళి, గంటసేపు తల్లినీ బిడ్డనూ కలిపి ఆడించింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. ఇలా రెండేళ్ళు సాగింది. ఆటవస్తువులు ఇంట్లో పారేసే సామాన్లతో చేసినవే. వాటిని ఒక వారం ఇంట్లో ఉంచి, మరుసటి వారం వేరేవి ఇచ్చేవారు. ఆ పిల్లలు 22 ఏళ్ళ వాళ్ళయ్యాక వెతికి పట్టుకుని చూస్తే, చిన్నప్పుడు ఆట అందినవాళ్ళ సంపాదన అందనివాళ్ళ కంటే సగటున 25 శాతం ఎక్కువగా ఉంది. పాలపొడి ఒక్కటే అందినవాళ్ళలో అంతకాలం నిలిచిన లాభం కనిపించలేదు. ఆహారం అక్కర్లేదని దీని అర్థం కాదు, దాని సంగతి కింద చెబుతాను. కానీ తల్లీబిడ్డలు కలిసి ఆడిన ఆ గంట ఇరవై ఏళ్ళ తర్వాత జీతంలో కనిపించిందంటే, మనం ఇళ్ళలో దేన్ని తేలిగ్గా తీసుకుంటున్నామో ఆలోచించండి.

ఆ గంటలో జరిగేది ఏమిటి? బిడ్డ ఏదో చేస్తాడు: చూస్తాడు, వేలు చూపిస్తాడు, ఒక మాట అంటాడు. పెద్దవాళ్ళు దానికి బదులిస్తారు. ఆ బదులు విని బిడ్డ మళ్ళీ ఏదో చేస్తాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే అన్నిటికీ మూలం. అమెరికాలో 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల ఇళ్ళలో మాటలను రికార్డు చేసి, తర్వాత మెదడును స్కాన్ చేశారు. పెద్దవాళ్ళు మొత్తం ఎన్ని మాటలు మాట్లాడారన్న దానికంటే, బిడ్డకూ పెద్దవాళ్ళకూ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ మారిందన్న దానికే మెదడులోని భాషా కేంద్రం చురుకుదనంతో సంబంధం కనిపించింది. తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఇదే తేలింది.

2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలోని సియాటిల్‌లో చేసిన ప్రయోగం మీ ఫోను సమస్యకు నేరుగా సంబంధించినది. తొమ్మిది నెలల అమెరికా పసివాళ్ళలో కొందరికి ఒక మనిషి ఎదురుగా కూర్చుని చైనా భాషలో కథలు చెప్పి ఆడించింది. మరి కొందరికి అదే మనిషి, అవే కథలు టీవీలో చూపించారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. టీవీ చూసిన పిల్లలు ఆ భాష అసలు విననివాళ్ళతో సమానంగానే ఉన్నారు. తెర మీది మనిషి బిడ్డ చూపును అనుసరించి ఆగడు, బిడ్డ నవ్వితే నవ్వడు.

అన్నం దగ్గర ఫోను మానిపించమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. కళ్ళు పాడవుతాయన్న భయం తర్వాతి సంగతి. రోజులో మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరగంట చొప్పున, ఒక పెద్ద మనిషి పిల్లవాడికి ఎదురుగా కూర్చునే సమయం భోజనమే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అంతకంటే మంచి అవకాశం దొరకదు. వేడి, చల్లన, పెద్ద ముద్ద, చిన్న ముద్ద, ఇంకొంచెం, అయిపోయింది, పప్పు కింద నెయ్యి, కారం తగిలితే నీళ్ళు: కొలతలు, పోలికలు, కార్యకారణాలు అన్నీ ఆ కంచంలోనే ఉన్నాయి. ఫోను పెడితే ఆ అరగంట మొత్తం పోతుంది. పైగా కడుపు నిండిన సంగతి కూడా పిల్లవాడికి తెలియదు.

మానిపించడం ఎలా? ఒక్కసారిగా అన్ని పూటలా వద్దు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండే ఒక పూటతో, బహుశా రాత్రి భోజనంతో మొదలుపెట్టండి. భోజనానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు ఇవ్వకండి. అందరూ కలిసి కింద కూర్చోండి, వాడికి విడిగా చిన్న కంచం పెట్టండి. నాలుగు చిన్న ముద్దలు చేసి ఉంచి, తన చేత్తో తిననివ్వండి. నేల పాడవుతుంది, పాడవనివ్వండి. అరగంట తర్వాత కంచం తీసేయండి, బతిమాలకండి, తిట్టకండి. మొదటి కొన్ని రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. నాయనమ్మకు పిల్లాడు చిక్కిపోతాడని భయం వేస్తుంది, అది సహజం. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు ఒక పూట తక్కువ తింటే తర్వాతి పూట సరిచేసుకుంటాడని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. బరువు సరిగా పెరగని పిల్లవాడైతే మాత్రం ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

తెర సమయం ఎంత ఉండాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన స్పష్టంగా ఉంది. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలోని శిశువైద్యుల సంఘం సూచనలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. దూరంగా ఉన్న తాతయ్యతో వీడియోలో మాట్లాడడం ఈ లెక్కలోకి రాదు, అందులో అవతలి మనిషి బదులిస్తాడు కదా. ఎవరూ చూడకపోయినా హాల్లో సీరియల్ నడుస్తూ ఉండే అలవాటు మీ ఇంట్లో ఉంటే దాన్నీ మానండి. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు ఆడుకుంటుండగా పక్కన పెద్దవాళ్ళ టీవీ కార్యక్రమం పెట్టి చూసిన అధ్యయనం ఉంది. పిల్లలు టీవీ వైపు అప్పుడప్పుడు కొన్ని క్షణాలు మాత్రమే చూశారు, అయినా వాళ్ళ ఆట చిన్న చిన్న ముక్కలైపోయింది.

నాయనమ్మ గురించి మీరు కొంచెం నిరుత్సాహంగా రాశారు, ఆవిడకు కొత్త పద్ధతులు తెలియవని. నేను చూసిన ఇళ్ళలో పిల్లవాడికి అన్నిటికంటే పెద్ద ఆస్తి పనిచేసుకుంటూ మాట్లాడే నాయనమ్మే. ఉల్లిపాయలు పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు వేయమనండి. చిక్కుడుకాయలు తుంచుతున్నప్పుడు వాడికీ నాలుగు ఇవ్వమనండి. ఆరిన బట్టలు మడత పెట్టేటప్పుడు, ఇది నాన్నది, ఇది నీది అని వేరు చేయించమనండి. చపాతీ పిండి ముద్ద ఇస్తే అరగంట దాంతోనే ఉంటాడు. ఇవన్నీ వర్గీకరణ, జతపరచడం, వేళ్ళ పట్టు నేర్పే పనులే. అంగన్‌వాడీ శిక్షణలో మేం టీచర్లకు నేర్పింది కూడా ఇదే. ఒక్క జాగ్రత్త: శనగలు, బఠాణీలు, పల్లీలు, చింతపిక్కలు ఈ వయసు పిల్లల చేతికి ఇవ్వవద్దు. ముక్కులో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడి ప్రాణం మీదికి వస్తుంది.

మాట్లాడడంలో కూడా ఒక పద్ధతి ఉంది. వాడు కిటికీలోంచి చూసి "బండి" అంటే, మీరు ఏ పనిలో ఉన్నా అటు చూసి, "అవును, నీళ్ళ బండి. పైపు వేస్తున్నారు చూడు" అనండి. తర్వాత ఆగండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి. పెద్దవాళ్ళలో చాలామంది ఇక్కడే తొందరపడతారు. చిన్నపిల్లలకు మాట వెతుక్కోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆ మౌనం వాళ్ళది. చుట్టాలు వచ్చినప్పుడు "ఇదేం రంగు చెప్పు, ఏబీసీడీ చెప్పు" అని పరీక్ష పెట్టే అలవాటు మాత్రం మానండి. అది సంభాషణ కాదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న తనను ఎందుకు అడుగుతున్నారో పిల్లవాడికి తెలియదు, తప్పు చెబితే మీ ముఖం మారడం మాత్రం బాగా తెలుస్తుంది.

జెండాల పాప విషయానికి వద్దాం. ఆ పాపకు జ్ఞాపకశక్తి బాగుంది, సంతోషం. కానీ దేశమంటే ఏమిటో తెలియని వయసులో ఆ పేర్లు బొమ్మకు అంటించిన శబ్దాలే. మీవాడు ఎత్తులో ఉన్న కుళాయి అందుకోవడానికి స్టూలు ఈడ్చుకెళ్ళాడని మీరే రాశారు, అదీ ఫిర్యాదుగా. అందులో ఎంత ఆలోచన ఉందో గమనించండి. అందదని గ్రహించాడు, ఎక్కితే అందుతుందని ఊహించాడు, స్టూలు వేరే గదిలో ఉందని గుర్తు తెచ్చుకున్నాడు, అది తెచ్చేవరకు కుళాయిని మరిచిపోలేదు. రెండున్నరేళ్ళకు బుద్ధి ఎదుగుతోందనడానికి నేను చూసే గుర్తులు ఇలాంటివి. స్టూలు తిరగబడకుండా మీరు పక్కన నిలబడండి, ఆపకండి.

ఆట గురించి ఇంకొంచెం విపులంగా చెప్పాలి. ఈ వయసులో మొదలయ్యే ఊహల ఆట, మన గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు, బుద్ధికి చాలా పెద్ద మేలు చేస్తాయి. ఆకును కంచం అనుకున్నప్పుడు అది ఆకు అనీ తెలుసు, కంచం అనీ ఒప్పుకోవాలి. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలబడగలదన్న ఈ ఎరుకే రేపు అక్షరానికీ అంకెకూ పునాది. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో కర్రను గుర్రం చేసుకునే పిల్లవాడి గురించి ఇదే చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: అమ్మగా నటించే పిల్ల అమ్మ ఎలా ఉండాలో ఆ నియమానికి తనంతట తానే లోబడుతుంది. మామూలుగా నిమిషం కుదురుగా కూర్చోని పిల్ల, బొమ్మను నిద్రపుచ్చేటప్పుడు ఎంతసేపు గుసగుసగా మాట్లాడుతుందో మీరూ చూసే ఉంటారు. ఈ ఆటలో మీరు పిలిస్తే వెళ్ళండి, వాళ్ళు ఇచ్చిన ఖాళీ గిన్నెలోని పాయసం తాగండి. ఆట నడిపించే బాధ్యత మాత్రం తీసుకోకండి.

నాలుగేళ్ళు దాటాక నేల–బండ ఆడించండి. పట్టుకునే దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్ళు బండ మీదే ఉండాలి, బండ కోరుకుంటే నేల మీద. పరుగెత్తాలన్న కోరిక ఒకవైపు లాగుతుంది, నియమం ఇంకోవైపు ఆపుతుంది, మధ్యలో నియమం తిరగబడుతుంది. గుర్తుంచుకోవడం, తనను తాను ఆపుకోవడం, మార్పుకు తగ్గట్టు సర్దుకోవడం మూడూ ఒకేసారి సాధన అవుతాయి. బడిలో కూర్చుని పాఠం వినడానికి కావలసిన శక్తులు ఇవే. అపార్ట్‌మెంట్లలో నేల, బండ లేవంటారేమో. చాప, చాప బయట అని గీత గీసుకుంటే సరిపోతుంది.

లెక్కలకు వైకుంఠపాళి లాంటి అంకెల గళ్ళ ఆటలు నిజంగా పనికొస్తాయి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో పేద కుటుంబాల పిల్లలతో ఒకటి నుంచి పది వరకు వరుసగా అంకెలున్న గళ్ళ మీద పావుగంట చొప్పున నాలుగు విడతలు ఆడించారు. పిల్లల అంకెల జ్ఞానం పెరిగింది, తొమ్మిది వారాల తర్వాతా నిలిచింది. అవే గళ్ళలో అంకెల బదులు రంగులు పెడితే ఆ లాభం రాలేదు. తర్వాత ఎలిడా లాస్కీతో కలిసి సీగ్లర్ చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. కాయ అయిదో గడిలో ఉండి, రెండు పడితే, "ఒకటి, రెండు" అని జరపకూడదు. "ఆరు, ఏడు" అని గడిలోని అంకె పలుకుతూ జరపాలి. అలా ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ఆటలు ఆడిస్తే లెక్కలు వాటంతటవే వస్తాయని కూడా అనుకోకండి. ఢిల్లీలో ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో, మనస్తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్కీ బృందం సుమారు 1,500 మంది పిల్లలతో లెక్కల ఆటలు ఆడించి 2017లో ఫలితాలు ప్రకటించింది. పరిమాణాలను అంచనా వేసే సహజ జ్ఞానం పెరిగి, చాలాకాలం నిలిచింది. బడిలో నేర్చే లెక్కలకు మాత్రం ఆ మేలు అందలేదు. ఆటలోని పరిమాణాన్నీ, రాసే అంకెనూ ఎవరో ఒకరు కలిపి చూపించాలి. మీవాడికి ఇప్పుడు గళ్ళ ఆట వద్దు, మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టండి.

బొమ్మల విషయం త్వరగా ముగిస్తాను. ఎదురుగా నాలుగు బొమ్మలు ఉన్నప్పుడు చిన్నపిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారనీ, పదహారు ఉన్నప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతారనీ అమెరికాలో 2018లో చూపించారు. ఉన్నవాటిలో సగం అటక మీద పెట్టి, వారం వారం మార్చండి. మీటలు నొక్కితే పాడే బొమ్మల దగ్గర తల్లిదండ్రులు తక్కువ మాట్లాడతారు, కాబట్టి అవి కొనకండి. కొనాలనిపిస్తే చెక్క దిమ్మెలు, నాలుగైదు ముక్కల పజిల్, ఒక బంతి, బొమ్మల పుస్తకం కొనండి. పుస్తకం చదివేటప్పుడు పేజీలు వాడినే తిప్పనివ్వండి, ఒకే పుస్తకం వందసార్లు అడిగినా విసుక్కోకండి.

భాష: మీ ఇద్దరి మనసులో మాట ధారాళంగా వచ్చేది తెలుగులో. ఇంగ్లీషులోకి మారితే "కమ్, సిట్, ఈట్" దగ్గర ఆగిపోతారు, నాయనమ్మ సంభాషణలోంచి తప్పుకుంటుంది. పిల్లలు రెండు భాషలు నేర్చుకోగలరు, కలిపి మాట్లాడినంత మాత్రాన గందరగోళపడినట్టు కాదు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలూ ఇదే ప్రశ్న అడుగుతుంటాయి, వాళ్ళకూ నా సమాధానం ఇదే. బడి ఇంగ్లీషు నేర్పుతుంది. విస్తారమైన మాట ఇంట్లోనే దొరకాలి.

ఆహారం గురించి చెబుతానన్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం దాకా ఉంది. ఇనుము చాలని పిల్లవాడు నీరసంగా, చిరాకుగా ఉంటాడు, ఆటకు రాడు. ఇది పేద ఇళ్ళ సమస్య మాత్రమే అనుకోవద్దు. రోజంతా పాలు తాగి కూర, పప్పు తినని పట్నం పిల్లల్లోనూ చాలా ఉంది. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నిద్ర పగలూ రాత్రీ కలిపి పదకొండు గంటలకు తగ్గకుండా చూడండి.

"ఆరేళ్ళలోపే 85 శాతం మెదడు పెరుగుతుంది" అన్న మాట 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. శిక్షణ కేంద్రాల వాళ్ళు దాన్నే పట్టుకుని మిమ్మల్ని భయపెట్టారు. మెదడు ఎదుగుదలలో ఎక్కువ భాగం ఆ వయసులో జరుగుతుందన్నది నిజమే, నేర్చుకునే తలుపు ఆరేళ్ళకు మూసుకుపోతుందన్నది నిజం కాదు. రొమేనియా అనాథాశ్రమాల్లో పలకరించే మనిషి లేకుండా పెరిగిన పిల్లలపై 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో, రెండేళ్ళలోపు కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు ఎక్కువ కోలుకున్నారు. అది తీవ్రమైన నిర్లక్ష్యం కథ. నాయనమ్మ ఒళ్ళో పెరుగుతున్న మీవాడికి ఆ గడువు భయం అంటగట్టడం అన్యాయం. నలభై వేలు తీసుకునే చోట వాడికి వారానికి రెండు గంటలు కార్డులు చూపిస్తారు. నాన్న రోజూ సాయంత్రం అరగంట ఫోను పక్కన పెట్టి వాడితో వీధి చివరి వరకు నడిచి, వాడు ఆగిన చోటల్లా ఆగితే అంతకంటే ఎక్కువ లాభం.

చివరగా ఒక ముఖ్య విషయం. పైన చెప్పినవన్నీ ఎదుగుదల మామూలుగా ఉన్న పిల్లలకు. మీవాడు రెండు మాటలు కలిపి, "నాన్న రా", "పాలు వద్దు" అన్నట్టు చెప్పకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, కావలసినదాన్ని వేలితో చూపించకపోతే, లేదా ఇంతకుముందు వచ్చిన మాటలు పోయి ఉంటే, "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అన్న ఓదార్పు వినకండి. వెంటనే శిశువైద్యుడిని కలవండి. ముందు వినికిడి పరీక్ష చేయించమని మీరే అడగండి, చాలాసార్లు దాన్ని ఆఖరుకు వదిలేస్తారు. ప్రభుత్వ వైద్యంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అనే కేంద్రాలు నడుస్తున్నాయి, అక్కడ ఎదుగుదల పరీక్షలూ చికిత్సా ఉచితం. మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దగ్గరి కేంద్రం ఎక్కడుందో చెబుతారు. వాడు ఇప్పుడు ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడో మీ ప్రశ్నలో లేదు, అది రాస్తే మిగతాది చెబుతాను.